ఏ వేళ్లు, ఏ వేళలో: కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ గురించి

సభకు నమస్కారం. చేతి తిమ్మిరి గురించి ఇంతసేపు మాట్లాడుకునేంత విషయం ఏముంటుందని ఇక్కడికి వచ్చినవారిలో కొందరికైనా అనిపించి ఉంటుంది. చేతి శస్త్రచికిత్స నా వృత్తి కనుక, రోజూ చూసే సంగతిని ముందుగా చెబుతాను. దారిలో ఎక్కడో ఒత్తిడికి గురై దెబ్బతినే నరాల జబ్బులన్నింటిలో ప్రపంచమంతటా ఎక్కువగా కనిపించేది కార్పల్ టన్నెల్ సిండ్రోమ్. ఇది ఎందుకు వస్తుందో, ఎలా నయం చేయాలో వైద్యానికి బాగా తెలుసు. అయినా మన ప్రాంతంలో రోగి సరైన వైద్యుడి దగ్గరికి చేరేసరికి తరచుగా ఏళ్లు గడిచిపోతాయి. ఆ ఏళ్లలో ఆ చేతికి మెడ ఎముకల అరుగుదల అనో, షుగర్ వల్ల అనో, రక్తహీనత అనో, పక్షవాతం సూచన అనో రకరకాల పేర్లు పడి ఉంటాయి. ఇన్ని పేర్లు పెట్టేముందు రోగిని అడగవలసిన ప్రశ్నలు రెండే. తిమ్మిరి ఏ వేళ్లలో వస్తోంది? ఏ సమయంలో వస్తోంది? ఈ రెండింటికి ఓపికగా జవాబు రాబడితే చాలా సందర్భాలలో స్కానింగు అవసరం లేకుండానే జబ్బు తెలిసిపోతుంది.

దయచేసి మీ ఎడమ అరచేతిని మీ ముఖం వైపు తిప్పి చూడండి. మణికట్టు దగ్గర అడ్డంగా గీతలు కనిపిస్తాయి. వాటిలో అరచేతికి దగ్గరగా ఉన్న గీత నుంచి అరచేతిలోకి మూడు, నాలుగు సెంటీమీటర్ల మేర, చర్మం అడుగున ఒక ఇరుకైన దారి ఉంటుంది. కార్పల్ టన్నెల్ అంటే ఇదే. దాని అడుగు భాగమూ పక్కలూ మణికట్టులోని 8 చిన్న ఎముకలతో ఏర్పడతాయి. పైకప్పుగా ఒక మందమైన, ఏమాత్రం సాగని లిగమెంటు, అంటే ఎముకలను కలిపి ఉంచే పట్టీ, ఈ చివర నుంచి ఆ చివరకు అడ్డంగా బిగించి ఉంటుంది. ఈ దారిలో నుంచి వేళ్లను ముడిచే 9 టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు, వెళతాయి. బొటనవేలికి ఒకటి, మిగిలిన నాలుగు వేళ్లకు రెండేసి చొప్పున ఎనిమిది. వాటితో పాటు, వాటికి పైన, లిగమెంటుకు ఆనుకుని వెళ్లేది మీడియన్ నరం. టెండన్లు గట్టివి, ఎముకలు గట్టివి, పైకప్పు సాగదు. కిక్కిరిసిన బస్సులో పెద్దల మధ్య ఇరుక్కున్న పసివాడి పరిస్థితి ఆ నరానిది. లోపల ఏ కారణం వల్ల కాస్త వాపు వచ్చినా ముందుగా నలిగేది అదే.

ఈ ఒత్తిడి ఎంతో 1981లో అమెరికాలో గెల్బర్‌మన్ బృందం సన్నని గొట్టాన్ని ఆ దారిలోకి పంపి కొలిచింది. మణికట్టు నిటారుగా ఉన్నప్పుడు ఆరోగ్యవంతులలో సగటున 2.5 మిల్లీమీటర్ల పాదరసపు ఒత్తిడి ఉంటే, ఈ జబ్బు ఉన్నవారిలో అది 32 ఉంది. మణికట్టును పూర్తిగా లోపలికి వంచినప్పుడు రోగులలో ఒత్తిడి 90 దాటింది. వెనక్కి వంచితే ఇంకా పెరిగింది. 20 నుంచి 30 దాటితేనే నరంలోని సన్నని రక్తనాళాలలో ప్రవాహం మందగిస్తుంది. ఇక నిద్రలో మనం చేసే పనిని గమనించండి. చేతిని ముడిచి, మణికట్టును వంచి, ఒక్కోసారి తల కింద పెట్టుకుని పడుకుంటాము. పైగా పడుకున్నప్పుడు పగలంతా కాళ్లలోకి దిగిన నీరు శరీరమంతటా సర్దుకుంటుంది. గంటల తరబడి రక్తం సరిగా అందని నరం రాత్రి రెండింటికో మూడింటికో మనిషిని లేపుతుంది. సూదులతో గుచ్చినట్టు, వేళ్లు ఉబ్బి బిగుసుకుపోయినట్టు, కొందరికి మంటగా ఉంటుంది. లేచి మంచం పక్కన కూర్చుని చేయి కిందికి వేలాడదీసి, నాలుగైదు సార్లు విదిలిస్తే తగ్గుతుంది. రాత్రి ఏం చేస్తారని అడిగినప్పుడు రోగి మాటలు ఆపి, తనకు తెలియకుండానే చేయి విదిలించి చూపిస్తే, ఆ ఒక్క కదలికే చాలావరకు జబ్బు పేరు చెప్పేస్తుంది.

వేళ్ల సంగతికి వద్దాము. మీడియన్ నరం బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో మధ్యవేలి వైపున్న సగం, వీటికి స్పర్శను ఇస్తుంది. ఉంగరపు వేలి మిగిలిన సగమూ చిటికెన వేలూ వేరొక నరానివి. ఆ నరం ఈ ఇరుకు దారిలో నుంచి రాదు. అందుచేత చిటికెన వేలిలో మాత్రమే తిమ్మిరి ఉంటే లోపం మోచేతి దగ్గరో మరెక్కడో వెతకాలి. అయితే అడగ్గానే ఎవరూ ఇంత స్పష్టంగా చెప్పరు. నూటికి ఎనభై మంది “చేయంతా మొద్దుబారిపోతోంది డాక్టరు గారూ” అనే అంటారు. అటువంటి వారికి నేను మందు రాయను, ఒక పని అప్పగిస్తాను. ఈ రాత్రి మెలకువ వచ్చినప్పుడు దీపం వేసి, రెండో చేతి వేలితో ఒక్కొక్క వేలినీ తాకి చూసుకుని, చిటికెన వేలు కూడా మొద్దుబారిందో లేదో చూసి రమ్మంటాను. రెండో దఫా వచ్చినప్పుడు చాలామంది కాస్త ఆశ్చర్యంగానే చెబుతారు, చిటికెన వేలు బాగానే ఉందని. ఉంగరపు వేలు ఒక పక్క తెలుస్తూ మరో పక్క తెలియకపోతే అంతకు మించిన ఆధారం మరొకటి లేదు.

ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. తిమ్మిరి వేళ్లలో ఉన్నా నొప్పి మాత్రం ముంజేతి మీదుగా మోచేతికి, ఒక్కోసారి భుజం దాకా పాకుతుంది. భుజం మాట వినగానే ఎదుటివారి చూపు మెడ మీదకు వెళుతుంది. ఎక్స్‌రే తీస్తారు. నలభై ఐదు దాటిన మనిషి మెడలో ఎంతో కొంత అరుగుదల కనిపించకుండా ఉండదు, ఏ బాధా లేనివారిలోనూ కనిపిస్తుంది. అంతటితో మెడకు పట్టీ, మెడను బరువుతో లాగే ట్రాక్షను, దిండు లేకుండా పడుకోమన్న సలహా మొదలవుతాయి. మెడలో నరం నిజంగా నొక్కుకున్నప్పుడు నొప్పి మెడ నుంచి బయలుదేరి కిందికి దిగుతుంది, తల వెనక్కో పక్కకో వంచితే ఎక్కువవుతుంది, చేయి విదిలిస్తే తగ్గదు. రెండు జబ్బులూ ఒకే మనిషిలో ఉండే అవకాశం లేకపోలేదు. కానీ ముందు మణికట్టును పరీక్షించకుండా మెడకు ఎంఆర్ఐ రాయడం నాకు సమ్మతం కాదు.

ఈ పొరపాటు మనకొక్కరికే పరిమితమైనది కాదు, కొత్తదీ కాదు. మణికట్టు ఎముక విరిగిన తరువాత మీడియన్ నరం నలిగిపోవడాన్ని లండన్‌లో జేమ్స్ పాజెట్ 1854లోనే వర్ణించారు. బోస్టన్‌లో జేమ్స్ పట్నమ్ 1880లో రాత్రిపూట చేతులు తిమ్మిరెక్కి లేచే 37 మంది గురించి రాశారు. కానీ ఆ తిమ్మిరికి చోటు మణికట్టేనని ఆయనకు తట్టలేదు. 1913లో పారిస్‌లో పియేర్ మరీ, చార్లెస్ ఫ్వా అనే ఇద్దరు వైద్యులు, రెండు చేతుల్లోనూ బొటనవేలి కండ కరిగిపోయిన ఒక వృద్ధురాలి శవపరీక్షలో ఆ నరాన్ని విప్పి చూశారు. లిగమెంటుకు కాస్త పైన నరం ఉబ్బి ఉంది, లిగమెంటు కిందికి రాగానే సన్నబడి ఉంది. ముందే గుర్తించి ఆ లిగమెంటును కోసి ఉంటే కండ కరిగేది కాదేమోనని వారు రాశారు. ఆ మాటను దశాబ్దాల పాటు ఎవరూ పట్టించుకోలేదు. అదే కాలంలో ఇవే లక్షణాలున్న ఎందరికో మెడ దగ్గర అదనపు పక్కటెముక నరాన్ని నొక్కుతోందని భావించి, ఆ ఎముకను తీసివేసే పెద్ద ఆపరేషన్లు చేశారు. 1933లో లియర్‌మంత్ అనే సర్జన్ లిగమెంటు కోసిన ఆపరేషను గురించి, 1947లో ఇంగ్లండ్‌లో రస్సెల్ బ్రెయిన్, ఆయన సహచరులు మణికట్టులోనే నరం నలిగిన ఆరుగురు రోగుల గురించి ప్రకటించారు. ఆ తరువాత 1950ల నుంచి అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో జార్జ్ ఫేలన్ వందల రోగులను పరీక్షించి రాయడంతో ఈ జబ్బు వైద్యులందరి నోటా పడింది.

ఆయన పేరుతో ఉన్న పరీక్షను ఇప్పుడే ఇక్కడే చేసి చూద్దాము. మోచేతులు ఎత్తి, రెండు చేతుల వెనుక భాగాలు ఒకదానికొకటి ఆనేలా, వేళ్లు నేలవైపు చూసేలా మణికట్లను వంచండి. బలవంతంగా నొక్కవద్దు. ఒక నిమిషం అలాగే ఉంచండి. నిమిషం లోపల నేను చెప్పిన వేళ్లలో తిమ్మిరి మొదలైనవారు దాన్ని గుర్తుపెట్టుకోండి, అయితే ఇదొక్కటే చూసి జబ్బు ఉందని నిర్ధారించుకోవద్దు. ఆరోగ్యవంతులలో కూడా కొందరికి తిమ్మిరి వస్తుంది. దీనికంటే నాకు నమ్మకమైనది మణికట్టు గీతకు కాస్త కింద, అరచేయి మొదలయ్యే చోట వైద్యుడు బొటనవేళ్లతో 30 సెకన్లు నొక్కి పట్టే పరీక్ష. అన్నిటికంటే ముఖ్యంగా చూసేది బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే కండ. రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి, వెలుతురు పక్క నుంచి పడేలా చూస్తే, జబ్బు ముదిరిన చేతిలో ఆ ఉబ్బు చదునై, లోపలి ఎముక అంచు తెలుస్తూ ఉంటుంది. అరచేతిని పైకి తిప్పి బల్ల మీద ఆనించి, బొటనవేలిని నిటారుగా కప్పువైపు ఎత్తమని చెప్పి, దాన్ని నేను వేలితో కిందికి నెడతాను. ఆ వేలు తేలిగ్గా లొంగిపోతే ఇక ఆలస్యం చేయకూడదు.

ఆ దశకు వచ్చినవారి ఇబ్బందులు పుస్తకాలలో కంటే వారి మాటల్లోనే బాగా అర్థమవుతాయి. జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోతున్నామని, సూదిలో దారం ఎక్కడం లేదని, జేబులో చేయి పెడితే రూపాయి నాణెమో రెండు రూపాయల నాణెమో తడిమి తెలుసుకోలేకపోతున్నామని చెబుతారు. ఒక దర్జీ పని చేసే ఆవిడ చూపుడువేలి కొసన ఇస్త్రీ పెట్టె కాల్చిన మచ్చలు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. ఎప్పుడు కాలిందో ఆవిడకు తెలియదు. రాత్రి తిమ్మిరి మాత్రం తగ్గిపోయిందని సంతోషంగా చెప్పింది. ఇది చాలా జాగ్రత్తగా వినవలసిన మాట. నరం బాగుపడితే తిమ్మిరి తగ్గుతుంది, నరం చాలావరకు చచ్చుబడిపోయినా తగ్గుతుంది.

నర్వ్ కండక్షన్ పరీక్షలో నరానికి చిన్న విద్యుత్ తాకిడి ఇచ్చి, సంకేతం మణికట్టును దాటడానికి పట్టే సమయాన్ని మిల్లీసెకన్లలో కొలుస్తారు. కాస్త చురుక్కుమంటుంది, అంతే. జబ్బు తొలిదశలో ఈ పరీక్ష మామూలుగా రావచ్చు. కనుక లక్షణాలు స్పష్టంగా ఉన్నప్పుడు కాగితం మీది మాట చూసి రోగిని పంపివేయకూడదు. అల్ట్రాసౌండ్‌లో మణికట్టు దగ్గర నరం ఉబ్బిందా లేదా చూడవచ్చు. ఎక్స్‌రే వల్ల పెద్దగా ఉపయోగం లేదు.

ఇది ఎవరికి వస్తుందన్నది తరువాతి మాట. స్త్రీలలో ఎక్కువ, ముఖ్యంగా నలభై నుంచి అరవై ఏళ్ల మధ్య. గర్భిణులలో చివరి నెలల్లో ఒంట్లో నీరు చేరడం వల్ల వచ్చి, కాన్పు తరువాత చాలామందికి దానంతటదే పోతుంది. థైరాయిడ్ తక్కువగా ఉన్నవారికి, కీళ్లవాతం ఉన్నవారికి, అధిక బరువు ఉన్నవారికి, మణికట్టు విరిగి అతుక్కున్నవారికి అవకాశం ఎక్కువ. షుగర్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కెనడాలో 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, మధుమేహం లేనివారిలో 2 శాతం మందికి ఈ జబ్బు కనిపిస్తే, మధుమేహం ఉండి నరాల జబ్బు లేనివారిలో 14 శాతం, నరాల జబ్బు కూడా ఉన్నవారిలో 30 శాతం మందికి కనిపించింది. షుగర్ వల్ల వచ్చే తిమ్మిరి ముందు పాదాలలో మొదలై మెల్లగా పైకి పాకుతుంది. పాదాలు బాగుండి చేతి వేళ్లలో మూడింటికే తిమ్మిరి ఉంటే, “షుగర్ ఉంది కదా, ఇంతే” అని సరిపెట్టుకోవద్దు. ఏళ్ల తరబడి డయాలసిస్ మీద ఉన్నవారి మణికట్టులో ఒక రకం ప్రొటీను పేరుకుని ఇదే జబ్బును తెస్తుంది. మూత్రపిండాల జబ్బుతో సతమతమవుతున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి ప్రాంతాలలో పనిచేసే వైద్యులు దీన్ని మనసులో ఉంచుకోవాలి. అరవై దాటిన పురుషుడికి వేరే కారణమేమీ లేకుండా రెండు చేతుల్లోనూ ఇది వస్తే, అరుదుగానైనా అది గుండె కండరంలో ఇటువంటి ప్రొటీనే పేరుకుంటున్నదనడానికి కొన్నేళ్ల ముందుగా వచ్చే హెచ్చరిక కావచ్చు. అటువంటి వారికి గుండె పరీక్ష కూడా చేయిస్తాము.

హైదరాబాదు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులందరూ ఇది కీబోర్డు జబ్బని నమ్ముతారు. ఆ నమ్మకానికి బలమైన ఆధారం లేదు. అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రి 2001లో రోజంతా కంప్యూటరు వాడే ఉద్యోగులను పరీక్షించి, వారిలో ఈ జబ్బు సాధారణ జనాభాలో ఉన్నంతే ఉందని తేల్చింది. నిజంగా ముప్పు తెచ్చేవి బలంగా పట్టుకుని పదేపదే చేసే పనులు, కంపించే యంత్రాలు. చీమకుర్తి గ్రానైటు క్వారీలలో డ్రిల్లింగు యంత్రం పట్టుకునేవారు, మాంసం కొట్టేవారు, చేత్తో పాలు పితికేవారు, రోజంతా దళసరి గుడ్డను కత్తెరతో కత్తిరించేవారు ఈ కోవలోకి వస్తారు. ఖరీదైన కీబోర్డు కొనుక్కునే స్తోమత ఉన్నవారి గురించి రాసినంతగా వీరి చేతుల గురించి ఎవరూ రాయరు.

చికిత్సకు వస్తాను. లక్షణాలు కొత్తవై, కండ కరగకుండా, తిమ్మిరి వచ్చిపోతూ ఉన్న దశలో మొదటి మందు మందు కాదు, మణికట్టును తిన్నగా పట్టి ఉంచేలా రాత్రిపూట కట్టుకునే స్ప్లింట్. దుకాణంలో రిస్ట్ బెల్ట్ అని అడిగితే ఇస్తారు. కొనగానే ఒక పని చేయాలి. అరచేతి వైపున్న సంచిలో నుంచి లోహపు పట్టీని బయటకు తీసి చూడండి. చాలా పట్టీలు మణికట్టును వెనక్కి వంచేలా వంపుతో తయారవుతాయి. వెనక్కి వంచినా ఒత్తిడి పెరుగుతుందని ఇందాక చెప్పాను. దాన్ని తిన్నగా చేసి మళ్లీ లోపల పెట్టి, మరీ బిగించకుండా, వేళ్లు స్వేచ్ఛగా కదిలేలా కట్టుకోవాలి. కనీసం ఆరు వారాలు ప్రతి రాత్రీ కట్టుకోవాలి. పగలు కట్టుకుని పని చేస్తే బెల్టుతో పెనుగులాడటం తప్ప లాభం తక్కువ.

మన దగ్గర దీనికి బదులు జరిగేది నరాల బలానికి సూదిమందు, బీకాంప్లెక్సు మాత్రలు. బీ12 లోపం నిజంగా ఉంటే దానికి వైద్యం చేయవలసిందే. కానీ ఎముకకూ లిగమెంటుకూ మధ్య నలుగుతున్న నరం మీది ఒత్తిడిని ఏ విటమినూ తీయలేదు. పైగా బీ6ను పెద్ద మోతాదులో నెలల తరబడి వాడితే అదే నరాలను దెబ్బతీస్తుంది. నొప్పి మాత్రలు కూడా ఈ జబ్బులో పెద్దగా పనిచేయవు, మూత్రపిండాలకు హాని మాత్రం చేయగలవు.

స్టెరాయిడ్ ఇంజెక్షను విషయంలో భయమూ అతి నమ్మకమూ రెండూ ఉన్నాయి. మణికట్టు దారిలోకి, నరానికి తగలకుండా ఇచ్చే ఒక్క ఇంజెక్షనుతో కొన్ని వారాల పాటు చాలామందికి హాయిగా ఉంటుంది. 2018లో బ్రిటన్‌లో జరిగిన అధ్యయనంలో ఆరు వారాలకు ఇంజెక్షను స్ప్లింట్ కంటే మెరుగని, ఆరు నెలలకు తేడా లేదని తేలింది. స్వీడన్‌లో 2013 నాటి అధ్యయనంలో స్ప్లింట్‌తో తగ్గనివారికి ఇంజెక్షను ఇస్తే, ఏడాది తిరిగేలోపు వారిలో 70 శాతానికి పైగా ఆపరేషను చేయించుకున్నారు. గర్భిణులకు, పెళ్లి పనుల వంటి కారణాలతో ఆపరేషను వాయిదా వేసుకోవలసినవారికి ఇది మంచి సాధనం. షుగర్ ఉన్నవారికి కొన్ని రోజుల పాటు చక్కెర పెరుగుతుంది, ముందే చెప్పి గమనించుకోమనాలి. కండ కరుగుతున్నవారికి మాత్రం పదేపదే ఇంజెక్షన్లు ఇస్తూ కాలం గడపడం తగదు.

ఆపరేషను అనగానే నరాల ఆపరేషను అని జనం జంకుతారు. నిజానికి ఇందులో నరం మీద కత్తి పెట్టము, దానిపై ఉన్న కప్పును మాత్రమే తెరుస్తాము. చేతి వరకే మత్తు ఇస్తాము, రోగి మాట్లాడుతూనే ఉంటారు. అరచేతిలో సుమారు మూడు సెంటీమీటర్ల కోత పెట్టి, కొవ్వును పక్కకు జరిపితే తెల్లగా మెరిసే లిగమెంటు కనిపిస్తుంది. దాన్ని నిలువునా పూర్తిగా కోసివేస్తే రెండు అంచులూ విడిపోయి కింద నరం బయటపడుతుంది. ఏళ్ల తరబడి నలిగిన చోట అది పాలిపోయి, చదునుగా ఉంటుంది. కొందరిలో మన కళ్ల ముందే కొద్ది నిమిషాలలో దాని మీది సన్నని రక్తనాళాలు ఎర్రబడతాయి. అంతా ఇరవై నిమిషాల లోపు పని, ఆ రోజే ఇంటికి వెళ్లవచ్చు. కెమెరాతో చిన్న కోత ద్వారా కూడా చేస్తారు. పనికి కాస్త ముందుగా తిరిగి వెళ్లవచ్చన్నది దాని లాభం, ఏడాది తరువాత చూస్తే రెంటికీ తేడా దాదాపు ఉండదు. నెదర్లాండ్స్‌లో 2002లో స్ప్లింట్‌నూ ఆపరేషనునూ పోల్చి చూస్తే, ఏడాదిన్నర తరువాత ఆపరేషను అయినవారిలో 90 శాతం, స్ప్లింట్ వాడినవారిలో 75 శాతం బాగుపడ్డారు. వారిలోనూ స్ప్లింట్‌తో తగ్గక మధ్యలో ఆపరేషనుకు మారినవారు ఉన్నారు. ఇన్ఫెక్షను, నరం శాఖ దెబ్బతినడం, లిగమెంటు కొంత మిగిలిపోవడం వంటి ఇబ్బందులు అరుదుగా వస్తాయి. వాటిని దాచకుండా ముందే చెప్పడం మా బాధ్యత.

చీటీలపై రాసి పంపిన ప్రశ్నలలో రెండింటికి జవాబు చెప్పి ముగిస్తాను. రెండు చేతులకూ ఒకేసారి చేయవచ్చా అని ఒకరు అడిగారు. చేయవచ్చు కానీ, అన్నం కలుపుకోవడానికీ స్నానానికీ ఒక చేయైనా కావాలి కనుక, ఇంట్లో తోడు లేనివారికి ముందు ఎక్కువ బాధ ఉన్న చేతికి చేసి, కొన్ని వారాల తరువాత రెండోదానికి చేస్తాను.

ఆపరేషను తరువాత కుట్టు మిషను ఎప్పుడు తొక్కవచ్చని ఒక చెల్లెమ్మ అడిగింది. వేళ్లు ఆ సాయంత్రం నుంచే కదిలించాలమ్మా. రాత్రి తిమ్మిరి చాలామందికి మొదటి కొద్ది రాత్రులలోనే పోతుంది. కుట్లు పది నుంచి పద్నాలుగు రోజులకు తీస్తాము, అప్పటి దాకా తడి తగలకూడదు. తేలికపాటి కుట్టు పని మూడు, నాలుగు వారాలకు మొదలుపెట్టవచ్చు. కత్తెరతో దళసరి గుడ్డ కోయడం, బిందె ఎత్తడం, గుడ్డలు పిండటం ఆరు వారాలు ఆగాలి. మచ్చకు రెండు పక్కలా అరచేయి ఆనినప్పుడు వచ్చే నొప్పి రెండు, మూడు నెలలు ఉంటుంది, దానికి కంగారు పడవద్దు. పట్టు బలం తిరిగి రావడానికీ దాదాపు మూడు నెలలు పడుతుంది. వేలి కొసన స్పర్శ పోయి ఉంటే, దెబ్బతిన్న నరపు పోగులు రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్లీ పెరగాలి కనుక, మణికట్టు నుంచి వేలి కొస దాకా ఆరు నెలలు, కొందరికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. కరిగిపోయిన కండ మాత్రం అందరికీ తిరిగి రాదు. మీ బొటనవేలి కింద కండ ఎలా ఉందో సభ అయ్యాక ఒకసారి ఈ దీపం దగ్గరికి వచ్చి చూపించండి.